ఎలక్ట్రిక్ కారు మన గోదావరి డెల్టాకు నప్పుతుందా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకుపచ్చ నంబరు ప్లేటు కారు కనబడితే చాలు, అమలాపురం నుంచి భీమవరం దాకా అడిగేవి ఇంచుమించు ఒకటే ప్రశ్నలు. ఎన్ని కిలోమీటర్లు వస్తుంది, వరదొస్తే సంగతేంటి, నిజంగా కాలుష్యం తగ్గుతుందా లేక ఇదీ ఓ ఫ్యాషనేనా. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే నేరుగా వెళ్లండి.

## కొందామా వద్దా అన్న దశలో

ఎక్కడ చూసినా ఇవే అంటున్నారు, నిజంగా అంతలా పెరిగాయా?

ప్రపంచం మొత్తం మీద పెరిగాయి. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో ఐదింట ఒకటికి పైగా ప్లగ్గు పెట్టి ఛార్జి చేసేవే. సంఖ్యలో చెప్పాలంటే 1 కోటీ 70 లక్షలు. చైనాలో కొత్త కార్లలో దాదాపు సగం ఇవే, నార్వేలో పదింట తొమ్మిది. మన దేశంలో మాత్రం ఆ ఏడాది నూటికి రెండు మూడు మించలేదు.

మన దగ్గర అసలు మార్పు వచ్చింది కార్లలో కాదు, మూడు చక్రాల బళ్లలో. ఎలక్ట్రిక్ త్రీవీలర్ల అమ్మకాల్లో 2023లోనే చైనాను దాటి మన దేశం మొదటి స్థానానికి వచ్చింది. ఫొటోలన్నీ కార్లవే పడతాయి గానీ, గాలికి మేలు చేసే పని సర్వీస్ ఆటోలే ఎక్కువ చేస్తున్నాయి.

మా కారు ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు కూడా తిరగదు. అయినా పర్యావరణం కోసం మార్చమంటారా?

వద్దంటాను. ఎలక్ట్రిక్ కారు ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చేసరికే పెట్రోలు కారు కంటే ఎక్కువ కాలుష్యపు అప్పుతో వస్తుంది. 30 యూనిట్ల (అంటే 30 కిలోవాట్ అవర్ల) బ్యాటరీ తయారీకే రెండు మూడు టన్నుల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఆ అప్పు తీరేది రోడ్డు మీద తిరిగినప్పుడే. మన దేశపు కరెంటుతో లెక్కేస్తే అది తీరడానికి దాదాపు 35 వేల కిలోమీటర్లు తిరగాలి. ఏడాదికి పదివేలు తిరిగేవారికి మూడున్నరేళ్లలో తీరిపోతుంది. మూడు వేలే తిరిగేవారికి పన్నెండేళ్లు పడుతుంది, ఈలోపు కారే ముసలిదైపోతుంది.

మన వైపు చాలా ఇళ్లలో కారు పెళ్లిళ్లకీ, అన్నవరం వెళ్లడానికీ, సంక్రాంతికి వచ్చే పిల్లల్ని స్టేషన్ నుంచి తీసుకురావడానికీ తప్ప షెడ్డు దాటదు. అలాంటి ఇంట్లో ఉన్న కారునే సరిగ్గా సర్వీసింగ్ చేయించి నడుపుకోవడం పర్యావరణానికి మంచిది. అదే రోజూ తణుకు నుంచి రాజమండ్రికి డ్యూటీకి వెళ్లొచ్చేవారు, మందుల కంపెనీ రెప్రజెంటేటివ్‌లు, ట్యాక్సీ నడిపేవారు అడిగితే నా జవాబు ఇంకోలా ఉంటుంది: ఇంకా ఎందుకు ఆగారని అడుగుతాను.

మన కాళ్ల కిందే గ్యాస్ ఉంది కదండీ, సీఎన్‌జీ చాలదా?

ఇవాళ్టి లెక్కలో సీఎన్‌జీ కారుకూ ఎలక్ట్రిక్ కారుకూ మధ్య తేడా పెద్దగా లేదు. కిలో గ్యాస్ కాలితే రెండు ముప్పావు కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కిలోకు 25 కిలోమీటర్లు వచ్చే కారైతే కిలోమీటరుకు 110 గ్రాములు. గ్యాసు తీసి, కుదించి, బంకు దాకా తెచ్చేటప్పుడు వచ్చే కాలుష్యం దీనికి అదనం. మన బొగ్గు కరెంటుతో తిరిగే ఎలక్ట్రిక్ కారుది కూడా 110, 115 గ్రాముల దగ్గరే ఉంటుంది.

తేడా రాబోయే ఏళ్లలో కనబడుతుంది. సీఎన్‌జీ కారు పదేళ్ల తర్వాత కూడా అంతే పొగ వదులుతుంది. గ్రిడ్‌లోకి సోలారూ గాలిమరలూ చేరేకొద్దీ ఎలక్ట్రిక్ కారు లెక్క దానంతటదే తగ్గుతుంది. పైగా పైపుల్లోంచీ బావుల్లోంచీ కాస్త మీథేన్ లీకైనా, అది కార్బన్ డయాక్సైడ్ కంటే ఎన్నో రెట్లు వేడి పెంచే వాయువు. ఇప్పటికే సీఎన్‌జీ కారున్నవాళ్లు దాన్ని అమ్మేసి పరుగెత్తాల్సిన పనైతే లేదు.

యానాం వెళ్లి పెట్రోలు కొట్టించుకుంటాం. అయినా కరెంటే చవకా?

అయినా చవకే. ఆంధ్రాలో లీటరు 110 రూపాయల దగ్గర ఉంటే యానాంలో పది రూపాయలకు పైగా తక్కువ, నిజమే. లీటరుకు 15 కిలోమీటర్లు వచ్చే కారుకు 100 కిలోమీటర్లకు ఆరేడు లీటర్లు కావాలి. యానాం ధరకైనా ఆరు వందలు దాటుతుంది. ఎలక్ట్రిక్ కారుకు ఛార్జింగ్‌లో పోయేది కలుపుకుని 16 యూనిట్లు. ఇంటి మీటరు మీద పై స్లాబు, అంటే నెలకు 400 యూనిట్లు దాటిన తర్వాతి ధర 9 రూపాయల 75 పైసలు వేసుకున్నా 156 రూపాయలే. హైవే మీద ఫాస్ట్ ఛార్జరైతే యూనిట్ 20 రూపాయలూ, కొన్నిచోట్ల ఆ పైనా పడుతుంది. అప్పుడు అదే దూరానికి మూడు వందల పైచిలుకు ఖర్చు.

కొనేటప్పటి ధర మాత్రం ఎక్కువ. జీఎస్టీ 5 శాతమే అయినా బ్యాటరీ ఖరీదు ఆ లాభాన్ని మింగేస్తుంది. ఎక్కువ తిరిగేవాళ్లకే ఆ తేడా వెనక్కి వస్తుంది.

## ఇంట్లో ఛార్జింగ్

మామూలు ప్లగ్గుకు పెట్టేయొచ్చా?

ఏసీకి వాడే 16 యాంప్‌ల ప్లగ్గు సరిపోతుంది. గంటకు మూడు యూనిట్లు ఎక్కుతాయి కాబట్టి 30 యూనిట్ల బ్యాటరీ నిండడానికి పది గంటలు పడుతుంది. కానీ ఆ ప్లగ్గుకు మీటరు నుంచి విడిగా మంచి వైరు, విడిగా ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు) ఉండాలి. పది గంటల పాటు ఆగకుండా మోటారంత లోడు లాగుతుంది మరి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి కిటికీలోంచి వైరు లాగడం చూస్తుంటాను, అది మాత్రం చేయకండి.

ఎర్తింగ్ చూపించుకోవడం ముఖ్యం. మన పాత పెంకుటిళ్లలో, దొడ్లో షెడ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు నేలకు ఎర్త్ రాడ్డు తినేస్తుంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగే తీసుకోవు. జనం ఛార్జరు పాడైందని కంప్లయింట్ ఇస్తారు, తీరా చూస్తే తప్పు రాడ్డుది.

రాత్రి పెట్టి పడుకోవాలా, పగలు పెట్టాలా?

వీలున్నవాళ్లకు పగలే మేలు, ముఖ్యంగా పదకొండు నుంచి మూడు లోపు. ఆ గంటల్లో గ్రిడ్‌లోకి రాయలసీమ సోలార్ కరెంటు ఎక్కువగా వస్తుంది. అర్ధరాత్రి వచ్చేది ప్రధానంగా బొగ్గు కరెంటు.

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు ఇంకో కారణం కూడా ఉంది. రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ పడిపోయేది రాత్రివేళ, తెల్లవారుజామునే. అప్పుడే ఏరేటర్లన్నీ, అంటే నీళ్లలోకి గాలి కలిపే యంత్రాలన్నీ, తిరుగుతాయి. అదే లైను మీద కార్లు కూడా పెడితే ఓల్టేజీ దిగుతుంది. ఓల్టేజీ దిగితే మన కారు నెమ్మదిగా ఎక్కుతుంది, అంతే. రైతుకు ఏరేటరు ఆగితే తెల్లారేసరికి పంట తేలిపోతుంది.

మేడ మీద సోలార్ పెడితే కారుకు సరిపోతుందా?

మూడు కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సగటున 12 యూనిట్లు ఇస్తాయి. అంటే 75 కిలోమీటర్ల తిరుగుడు. పీఎం సూర్యఘర్ పథకంలో ఈ సైజుకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. కోనసీమలో చిక్కంతా కొబ్బరి చెట్లతోనే. ప్యానెల్ మీద ఒక్క మట్ట నీడ పడినా ఉత్పత్తి బాగా తగ్గుతుంది, ఇక కాయ పడితే చెప్పక్కర్లేదు. బిగించేవాళ్లు చెట్టు కొట్టేయమంటారు. కాలుష్యం తగ్గించడానికి కాపు కాసే చెట్టు కొట్టడమేంటో నాకైతే అర్థం కాదు. పైన ఎత్తుగా ఫ్రేము కట్టించుకోవడమో, నీడ పడని వైపు తక్కువ ప్యానెళ్లతో సరిపెట్టుకోవడమో నయం.

ఉరుములు మెరుపులు వస్తుంటే?

ప్లగ్గు తీసేయండి. మన పొలాల మధ్య ఇళ్లకు పిడుగుల బెడద ఎక్కువ. లైను మీద పడిన పిడుగు టీవీని కాల్చినట్టే కారు ఛార్జరునూ కాలుస్తుంది.

## రోడ్డెక్కాక

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమ దాకా టెన్షన్ లేకుండా రాగలమా?

రాగలరు, కాకపోతే దారిలో ఒకటి రెండు చోట్ల ఆగాలి. దూరం నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. 30 యూనిట్ల బ్యాటరీకి హైవే మీద రెండు వందలు లోపే వస్తుందనుకోండి, 45 యూనిట్లదానికి మూడు వందల దగ్గర. ఫాస్ట్ ఛార్జరు మీద 80 శాతం ఎక్కడానికి గంట పడుతుంది.

టోల్ గేటు దగ్గర గంటలు గంటలు ఇరుక్కుంటే బ్యాటరీ అయిపోతుందని భయపడతారు. నెమ్మదిగా కదిలే ట్రాఫిక్‌లో ఈ కార్లు చాలా తక్కువ తింటాయి. ఏసీకి గంటకు ఒకటో రెండో యూనిట్లు ఖర్చు. బ్యాటరీని ఖాళీ చేసేది వంద దాటిన స్పీడు. పండగ రోజుల్లో నిజమైన ఇబ్బంది ఛార్జరు దగ్గర క్యూ. భోగికి ముందురోజు బయల్దేరేవాళ్లు ఇంట్లోనే నిండా ఎక్కించుకుని, సగం ఉండగానే మొదటి ఛార్జరు దగ్గర ఆగండి. పది శాతానికి దిగాక వెతకడం మొదలుపెడితే అదే టెన్షన్.

నర్సాపురం పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) మీద సఖినేటిపల్లి దాటించొచ్చా?

దాటించొచ్చు. మిగతా కార్లకు ఏ జాగ్రత్తలో దీనికీ అవే.

చప్పుడు రాదు కదా, గట్టు రోడ్డు మీద ప్రమాదం కాదా?

నిజంగానే ఆలోచించాల్సిన సంగతి ఇది. ముప్పై లోపు స్పీడులో టైరు చప్పుడు కూడా పెద్దగా వినిపించదు. కాలువ గట్టు మీద గేదెలు, సైకిళ్ల మీద పిల్లలు, ధాన్యం ఆరబోసుకునేవాళ్లు వెనక బండి వస్తున్న సంగతే గమనించరు. కాస్త దూరం నుంచే చిన్నగా హారన్ కొట్టండి, దగ్గరికొచ్చాక గట్టిగా కొడితే ఉలిక్కిపడి కాలువలోకి దూకుతారు.

## వరద, ఉప్పునీరు

గోదారి వస్తే కారు గతేంటి? నీళ్లలో షాక్ కొడుతుందా?

ఇక్కడ అందరూ అడిగేది ఇదే, అడగాల్సిందీ ఇదే. బ్యాటరీ పెట్టె సీలు చేసి ఉంటుంది. ఎక్కువ కార్లకు ఐపీ67 అనే రేటింగ్ ఉంటుంది. మీటరు లోతు మంచినీళ్లలో అరగంట ఉంచినా లోపలికి తడి రాకూడదని దాని అర్థం. నీళ్లు తగలగానే కరెంటు దానంతటదే తెగిపోయే ఏర్పాటు ఉంటుంది కాబట్టి చుట్టూ ఉన్న నీళ్లకు షాక్ పాకడం మామూలుగా జరగదు. రోడ్డు మీద మోకాలి లోపు నీళ్లలో ఇంజిన్ కారు ఆగిపోయినచోట ఇది దాటేసిందని చెప్పేవాళ్లు ఉన్నారు. అది చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఎందుకంటే ఆ రేటింగ్ అరగంటకు. లంక గ్రామాల్లో వరద రోజుల తరబడి నిలుస్తుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, ధవళేశ్వరం బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా కిందికి వెళ్లింది. అలాంటి వరదలో నాలుగు రోజులు మునిగిన కారుకు ఏ రేటింగూ అడ్డుపడదు.

అందుకని కాజ్‌వే దాటి వెళ్లాల్సిన ఊరైతే ధవళేశ్వరం హెచ్చరికలనే నమ్ముకోండి. 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటిది ఎగరేయగానే కారును ఏటిగట్టు ఇవతలికి, చుట్టాల ఇంటికో కల్యాణ మండపం ఆవరణకో తెచ్చి పెట్టేయండి. రెండోదాని దాకా ఆగితే కాజ్‌వే మునిగిపోయి ఉంటుంది. ముందే ఛార్జింగ్ నింపి ఉంచుకోవడం మంచిది, వరదలో లంకలకు కరెంటు మొదట తీసేస్తారు.

మునిగిన కారు ఆరాక స్టార్ట్ చేసి చూడొచ్చా?

వద్దు. స్టార్ట్ చేయొద్దు, ఛార్జింగ్ అసలే పెట్టొద్దు. కంపెనీ సర్వీసుకు ఫోన్ చేసి, నాలుగు చక్రాలూ పైకెక్కే బండి మీద తీసుకెళ్లమనండి. వాళ్లు వచ్చేదాకా ఇంటికీ, పశువుల పాకకీ, గడ్డిమేటుకీ దూరంగా ఆరుబయట ఉంచండి. లోపలికి నీరు చేరిన బ్యాటరీ అప్పుడే కాకపోయినా రోజుల తర్వాత కూడా అంటుకోవచ్చు.

అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు నీళ్లొస్తే తేడా ఉంటుందా?

చాలా ఉంటుంది. ఉప్పునీటిలో కరెంటు బాగా పారుతుంది, లోహాన్ని త్వరగా తినేస్తుంది. నీరు ఆరిపోయినా ఉప్పు లోపల మిగిలి షార్ట్ చేస్తుంది. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయాన్ తుపానుకు సముద్రం పొంగి మునిగిన ఎలక్ట్రిక్ కార్లలో కొన్ని తర్వాత అంటుకున్నాయి. కోత పడే తీరంలో ఉన్నవాళ్లకు నా సలహా ఒకటే: తుపాను హెచ్చరిక వచ్చిందంటే మనుషులతో పాటే కారూ బయల్దేరాలి. మామూలు రోజుల్లో ఉప్పుగాలికి పెద్దగా భయం లేదు, అడుగు భాగం మంచినీళ్లతో అప్పుడప్పుడు కడిగిస్తే చాలు.

## కాలుష్యం లెక్క

కరెంటంతా బొగ్గుతోనే కదా, మరి ఏం లాభం?

ఈ వాదనలో సగం నిజం ఉంది. దేశంలో తయారయ్యే కరెంటులో దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గుదే. యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్. 100 కిలోమీటర్లకు 16 యూనిట్లంటే 11 కిలోలు. పెట్రోలు కారు అదే దూరానికి ఆరేడు లీటర్లు కాల్చి 15 కిలోలు వదులుతుంది. చమురు తవ్వి, శుద్ధి చేసి, ట్యాంకర్లలో తెచ్చేదీ కలిపితే 18 దాకా వెళ్తుంది. బొగ్గు కరెంటుతోనైనా వందకు ఏడు కిలోలు మిగులుతాయి. ఇంజిన్‌లో కాలిన పెట్రోలులో ఎక్కువ భాగం వేడిగా వృథా కావడమే దీనికి కారణం, మోటారులో ఆ వృథా తక్కువ.

మన కరెంటంతా బొగ్గుదే కూడా కాదు. దాళ్వాకు (రబీ వరికి) మనం ఎదురుచూసే సీలేరు నీళ్లు దిగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రంలో 460 మెగావాట్ల యంత్రాలు తిప్పాకే శబరిలో కలిసి గోదావరికి వస్తాయి. ఇంకో పక్క జేగురుపాడు, వేమగిరి లాంటి గ్యాస్ కేంద్రాలు గ్యాసు చాలక ఏళ్ల తరబడి పడుకున్నాయి. గ్యాస్ బావుల పక్కన ఉండీ బొగ్గు కరెంటు వాడుకోవడం మన ప్రాంతపు విడ్డూరం.

మన ఊళ్లో పొగ తగ్గి ఇంకెవరి ఊళ్లోనో పెరుగుతుందంతే కదా?

కొంతవరకు అంతే. రాజమండ్రి దేవీచౌక్‌లో తగ్గే పొగలో కొంత ఇబ్రహీంపట్నం, పరవాడ థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల వాళ్లకు బూడిదగా చేరుతుంది. అయితే పొగగొట్టం ఒకచోట ఉంటే ఫిల్టరు పెట్టించొచ్చు, నిఘా పెట్టొచ్చు. వేల సైలెన్సర్లకు అది కుదరదు. పిల్లలు ముక్కు ఎత్తులో పీల్చే పొగ తగ్గడం చిన్న సంగతేమీ కాదు. ఆ పక్క ఊళ్ల వాళ్ల బూడిద గురించి కూడా మనమే అడగాలి.

లిథియం, కోబాల్ట్ గనుల వల్ల జరిగే నాశనం సంగతి?

నిజమైన నాశనమే. కోబాల్ట్‌లో ఎక్కువ భాగం కాంగో నుంచి వస్తుంది, అక్కడ చిన్న గనుల్లో పిల్లలతో పని చేయించడం లోకానికి తెలిసిందే. చిలీలోని అటకామా ఎడారిలో లిథియం కోసం ఉప్పునీటిని తోడి ఎండబెడతారు. అసలే నీళ్లు లేని నేల అది. మన దేశంలో అమ్ముడవుతున్న కార్లలో చాలావాటికి ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీలున్నాయి, వాటిలో కోబాల్ట్, నికెల్ ఉండవు. లిథియం మాత్రం తప్పదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు పెట్రోలును మాత్రం శుభ్రమైనదన్నట్టు మాట్లాడితే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా నిద్రలోనే, ఇళ్ల దగ్గరే కాలిపోయారు. ఇంధనం తవ్వే నేల మీద బతకడమంటే ఏంటో కోనసీమకు ఒకరు చెప్పక్కర్లేదు. తేడా ఒకటుంది: కాల్చిన చమురు తిరిగి రాదు, బ్యాటరీలోని లోహాన్ని మళ్లీ తీసుకోవచ్చు.

బరువెక్కువ కదా, టైర్లు అరిగి దుమ్ము రాదా?

టైరు దుమ్ము కొంచెం ఎక్కువే వస్తుంది. బ్రేకు దుమ్ము తగ్గుతుంది, ఎందుకంటే స్పీడు తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారే చేసి ఆ శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది. అవసరానికి మించిన పెద్ద కారు కొనకపోతే చాలు. ఇంకో లాభం ఎవరూ చెప్పరు: ఇంజిన్ ఆయిల్ ఉండదు. షెడ్ల వెనక నుంచి పంట కాలువలోకి జారే నల్లటి నూనె ఆ మేరకు తగ్గుతుంది.

## పాతబడ్డాక

ఎనిమిదేళ్లకు బ్యాటరీ పోతుందట, అప్పుడు కారు గుల్లేనా?

ఎనిమిదేళ్లు లేదా లక్షా అరవై వేల కిలోమీటర్లన్నది చాలా కంపెనీలిచ్చే వారంటీ. ఆయుష్షు అంతేనని కాదు. బ్యాటరీ ఒక్కసారిగా చావదు, ఏటేటా కొంచెం కొంచెం తగ్గుతుంది. రోహిణి కార్తె ఎండలో రోజంతా బయట నిలబెట్టడం, ప్రతిసారీ ఫాస్ట్ ఛార్జింగే చేయడం దాన్ని త్వరగా తగ్గిస్తాయి. మామిడి చెట్టు కిందో తాటాకు పందిరి కిందో పెట్టండి. కొబ్బరి చెట్టు కింద మాత్రం వద్దు.

పాత బ్యాటరీని ఎవరికివ్వాలి? పాత సామాన్లవాడు తీసుకుంటాడా?

ఆయనకివ్వకండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం, వాడేసిన బ్యాటరీని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే. పూడ్చిపెట్టడం, కాల్చడం నిషిద్ధం. కారులో పని అయిపోయిన బ్యాటరీలో ఇంకా చాలా సత్తువ ఉంటుంది. దాన్ని సోలార్ కరెంటు నిల్వకు వాడుకోవచ్చు. కానీ ఆ మార్పు తెలిసినవాళ్లు చేయాలి. విప్పి సెల్స్ వేరుచేసి ఏరేటరుకో, ఇన్వర్టరుకో కట్టే ప్రయోగాలు మన మెకానిక్కులు మహా సరదాగా చేస్తారు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి ప్రాణం పోయింది. కారు బ్యాటరీ దానికి పదిరెట్లు పెద్దది.

సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. తయారీలో పడ్డ కాలుష్యం అప్పటికే పడిపోయింది కాబట్టి తక్కువ తిరిగేవాళ్లకు కొత్తదానికంటే ఇదే న్యాయం. మూడు చూడండి. కంపెనీ సర్వీస్ సెంటరులో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించండి, అమ్మేవాడి ఫోనులో చూపించే అంకెను నమ్మొద్దు. వారంటీ మీ పేరుకు మారుతుందో లేదో రాతపూర్వకంగా అడగండి. కార్పెట్లు ఎత్తి, సీటు బోల్టుల దగ్గర బురద మరకా తుప్పూ ఉన్నాయేమో వెతకండి. 2022 తర్వాత వరద చూసిన బళ్లు కడిగి, పాలిష్ కొట్టి, దూరపు జిల్లా నుంచి వచ్చినట్టు చెప్పి అమ్మే అవకాశం మన వైపు ఉంది. ఇన్సూరెన్సు క్లెయిముల చరిత్ర అడిగితే ఆ సంగతి బయటపడుతుంది.